మేకకు టీకా, కోడికి టీకా, మరి ఇంటి కుక్కకు?
అడవి అంచు ఊళ్ళలో పశువులు, మేకలు, కోళ్ళు, కుక్కలు ఉన్న ప్రతి ఇంటికీ

ఈ పీడీఎఫ్ ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవి అంచు గ్రామాల కోసం. గుండాల, ఆళ్ళపల్లి, కరకగూడెం, చర్ల, దుమ్ముగూడెం, ములకలపల్లి, అశ్వారావుపేట వంటి మండలాల్లో పశువులున్న ప్రతి కుటుంబానికీ ఇది పనికొస్తుంది. చదివి, మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి. కోయ, లంబాడీ మాట్లాడే ఇళ్ళల్లో వాళ్ళ మాటలోనే చెప్పండి.

మన దగ్గర మేక అంటే ఇంట్లో దాచుకున్న డబ్బు. పిల్లల ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో, పెళ్ళికో ఒక మేకను అమ్ముతాం. నాలుగు కోళ్ళుంటే పండక్కి చేయి చాచనక్కర్లేదు. కాడెద్దు లేకపోతే దుక్కి ఆగిపోతుంది. అలాంటి జీవికి జబ్బు చేస్తే మనం ముందు అడిగేది పక్కింటివాళ్ళనే. వాళ్ళు చెప్పే సలహాల్లో మంచివీ ఉన్నాయి, ప్రాణం మీదకు తెచ్చేవీ ఉన్నాయి. ఏవి ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సేవలను ఎలా వాడుకోవాలి అన్నదే ఈ వివరణ.

ఒక్క మాట ముందే చెప్పుకుందాం. టీకా ఒక్క ఇంటికి వేయించుకుంటే లాభం సగమే. వాడంతా కలిసి వేయించుకుంటేనే రోగం ఆగుతుంది. ఎందుకో కింద చదివితే అర్థమవుతుంది.

1. ఫోనులో దాచుకోవలసిన నంబరు: 1962

పశువుకు బాగాలేకపోతే 1962కు ఫోన్ చేయండి. ఇది టోల్ ఫ్రీ నంబరు. తెలంగాణలో సంచార పశువైద్యశాల బండ్లు 2017లో మొదలయ్యాయి. మనుషులకు 108 ఎలాగో పశువులకు 1962 అలాగ. బండిలో డాక్టరు, మందులు, చిన్నపాటి పరీక్షల సామాను ఉంటాయి. సేవల వేళలు ఆ నంబరులోనే అడిగి తెలుసుకోండి.

ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగు విషయాలు చెబితే పని తొందరగా అవుతుంది:

- ఊరు, మండలం, దగ్గరలో గుర్తుపట్టే చోటు (బడి, అంగన్‌వాడీ, వాటర్ ట్యాంకు).
- ఏ జీవి, వయసు ఎంత, చూడిదా, పాలిచ్చేదా.
- ఎప్పటి నుంచి బాగాలేదు, మేత తింటోందా, నెమరు వేస్తోందా, పేడ ఎలా ఉంది.
- ఒక్కదానికేనా, ఇంకా ఎన్నింటికి అలాగే ఉంది.

గూడెం వరకు బండి రాలేని దారి అయితే, పశువును ఏ రోడ్డు దగ్గరకు తోలుకు రాగలరో చెప్పండి. సిగ్నల్ లేని ఊళ్ళలో ఆశా కార్యకర్తకో, పంచాయతీ కార్యదర్శికో, పనుల మీద మండల కేంద్రానికి వెళ్ళేవాళ్ళకో విషయం రాసిచ్చి పంపండి. రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు. పశువు నెమరు ఆపేసిందంటే అప్పటికే లోపల ఇబ్బంది మొదలైందని అర్థం.

2. చెవిపోగు ఎందుకు తీసేయకూడదు

ఆవులు, గేదెలు, ఎద్దుల చెవికి పసుపు పచ్చ ప్లాస్టిక్ పోగు వేస్తున్నారు. దాని మీద 12 అంకెల నంబరు ఉంటుంది. మనకు ఆధార్ ఎలాగో పశువుకు అది అలాగ. ఏ టీకా ఎప్పుడు వేశారో, ఎప్పుడు ఎద కట్టిందో, ఎప్పుడు సూది వేయించారో ఆ నంబరు కిందే ఎక్కుతుంది. బీమా చేయించినా ఆ నంబరు మీదే.

చెవి నొప్పి పెడుతుందని, సంతలో ధర తగ్గుతుందని కొందరు పోగు కత్తిరించేస్తున్నారు. అలా చేస్తే పశువు చనిపోయినప్పుడు బీమా డబ్బు అడగడానికి ఆధారం ఉండదు. పోగు ఊడిపోతే పశువైద్యశాలలో చెప్పి కొత్తది వేయించండి. పోగు వేసిన చోట పుండు పడితే వేపనూనె రాసి, ఈగలు వాలకుండా చూడండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

3. ఏ టీకా ఎప్పుడు

ఆవులు, గేదెలు, ఎద్దులు:

- గాలికుంటు వ్యాధి టీకా ఆరు నెలలకోసారి. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడే రోగం ఇది. జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద 2019 నుంచి ఉచితంగా వేస్తున్నారు.
- బ్రూసెల్లోసిస్ టీకా. ఈ రోగం వస్తే పశువు ఈసుకుపోతుంది. టీకాను 4 నుంచి 8 నెలల ఆడ దూడలకు జన్మలో ఒక్కసారి వేస్తారు. ఈ వయసు దాటితే వేయరు. అందుకే ఆడ దూడ పుట్టిన నెల రాసి పెట్టుకోండి. ఈ రోగం మనుషులకూ అంటుతుంది కాబట్టి ఈసుకుపోయిన దూడను, మాయను ఉత్త చేతులతో తీయకండి.
- గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలు పడకముందే, అంటే మే, జూన్ నాటికి వేయించాలి. తొలకరి పడ్డాక పరుగెత్తితే ఆలస్యమైనట్టే. టీకా పని మొదలుపెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

మేకలు, గొర్రెలు:

- పారుడు రోగం (పీపీఆర్) టీకా. జ్వరం, ముక్కు కారడం, కళ్ళల్లో పుసి, నోట్లో పుండ్లు, ఆపైన పారుడు. మంద మంద పోతుంది. పిల్లకు నాలుగు నెలలు దాటాక ఒక టీకా వేస్తే దాదాపు మూడేళ్ళు కాపాడుతుంది. 2030 నాటికి ఈ రోగాన్ని భూమి మీదే లేకుండా చేయాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి.
- చిటుక రోగం టీకా వానలకు ముందు. కొత్త పచ్చిక మేసి రాత్రికి రాత్రే బలిసిన మేకలు పడిపోయేది దీనివల్లే.
- నట్టల మందు వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. బరువును బట్టి మోతాదు ఉంటుంది. అందాజుగా తాగించకండి.

కోళ్ళు:

- కొక్కెర తెగులు టీకా. పిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్క, ఎనిమిది వారాల వయసులో రెక్క కింద సూది. పచ్చగా, తెల్లగా రెట్ట వేసి, మెడ తిప్పుకుని పడిపోయే కోడికి ఆ తర్వాత ఏ మందూ పని చేయదు.

4. సీసా లెక్క తెలుసుకోండి

చాలామంది అడిగేది ఇదే: "నాకు ఐదు కోళ్ళే ఉన్నాయి, వెళ్ళి అడిగితే మళ్ళీ రమ్మన్నారు" అని. కారణం ఇది. కోళ్ళ టీకా, మేకల పారుడు టీకా పొడి రూపంలో సీసాల్లో వస్తాయి. ఒక సీసాలో సాధారణంగా 100 మోతాదుల దాకా ఉంటాయి. మందు కలిపాక ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. లేకపోతే చచ్చిన మందే. పైగా సీసా మొదటి నుంచి చివరిదాకా ఐసు మీద ఉండాలి. ఐదు కోళ్ళ కోసం సీసా విప్పితే మిగతా 95 మోతాదులు పారబోయాలి.

అందుకే గూడెమంతా ఒక తేదీ అనుకోండి. ఇంటింటికీ ఎన్ని కోళ్ళు, ఎన్ని మేకలు అని ఒక కాగితం మీద రాయండి. ఆ లెక్కతో పశువైద్యశాలకు వెళ్ళి, ఫలానా రోజు పొద్దున్నే అన్నీ కట్టేసి ఉంచుతామని చెప్పండి. కోళ్ళను ముందు రోజు రాత్రి గంపల కింద పెడితే పొద్దున్న పట్టుకోవడం సులువు. మేకలను అడవికి తోలకముందే టీకా అయిపోవాలి. మహిళా సంఘం ఉన్న ఊళ్ళలో ఈ పని సంఘం మీటింగులోనే తేల్చుకోవచ్చు.

రోగం లెక్క కూడా ఇదే. మీ మేకలకు టీకా పడి, పక్కింటివాటికి పడకపోతే ఊళ్ళోకి రోగం వస్తుంది. మీ ఇంట్లో ఇంకా టీకా వయసు రాని పిల్లలను ముందు అదే పట్టుకుంటుంది.

5. పక్కింటి సలహాల్లో ఉంచుకోవలసినవి

- జబ్బు పశువును విడిగా కట్టేయమనడం. మంచి మాట. నీళ్ళ తొట్టి కూడా విడిగా పెట్టండి.
- సంతలో కొన్న మేకను వెంటనే మందలో కలపవద్దనడం. మూడు వారాలు విడిగా ఉంచండి. పారుడు రోగం ఊళ్ళోకి వచ్చేది ఎక్కువగా సంత దారినే.
- గాలికుంటు వచ్చిన పశువుకు అంబలి, జావ, లేత గడ్డి పెట్టడం. గిట్టల పుండ్లకు వేపనూనె రాయడం. ఈగలు వాలవు, పురుగు పట్టదు.
- మేకలను మంచె మీద పడుకోబెట్టడం. వానాకాలం తేమ తగలకపోతే సగం దగ్గులు రావు.
- నాము కట్టిన జొన్న మేపవద్దనడం. పెద్దల అనుభవం ఇది. నీళ్ళు లేక వాడిన లేత జొన్నలో, కోసిన మొదళ్ళ నుంచి వచ్చిన పిలకల్లో విషం ఉంటుంది. మేసిన పశువు వణికి, ఊపిరాడక నిమిషాల్లో పడిపోవచ్చు. దీనికి డాక్టరు నరానికి ఎక్కించే విరుగుడు మందు ఉంది. ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి.

6. వదిలేయవలసినవి

- వాతలు పెట్టడం. కాల్చిన ఇనుము ఏ రోగాన్నీ తగ్గించదు. కొత్త పుండును మాత్రం తెస్తుంది.
- కడుపు ఉబ్బిన పశువుకు నాలుక పట్టి లాగి నూనె పోయడం. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బరంతో కాదు, నిమ్ముతో చచ్చిపోతుంది.
- మందుల షాపులో మనుషుల నొప్పి మాత్రలు, సూదులు తెచ్చి వేయడం. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు వాడటాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు ఉన్న కళేబరం తిని రాబందులు తుడిచిపెట్టుకుపోయాయి. కుక్కకు, పిల్లికి మనుషుల మాత్ర ఇంకా ప్రమాదం. పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపేస్తుంది.
- పెళ్ళిలో, జాతరలో మిగిలిన అన్నం ఒకేసారి పశువు ముందు కుమ్మరించడం. అన్నం కడుపులో పులిసి, పశువు కూలబడుతుంది.
- పురుగుమందు కొట్టిన పత్తి చేలో, మిరప చేలో మేకలను వదలడం. డబ్బా మీద రాసిన గడువు దాకా ఆగండి. మందు కలిపిన బకెట్టులో పశువుకు నీళ్ళు పెట్టకండి.
- ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో వెనక నుంచో నల్లటి రక్తం కారిన పశువును కోయడం. అది దొమ్మ రోగం కావచ్చు. ఆ మాంసం ముట్టినవాళ్ళకు చర్మం మీద నల్లటి పుండ్లు పడతాయి. విశాఖ ఏజెన్సీలో గతంలో ఇలాంటి కేసులు బయటపడ్డాయి. తోలు తీయవద్దు, కోయవద్దు. డాక్టరుకు చెప్పి, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి.

7. ఇంటి కుక్క కూడా లెక్కలోకి రావాలి

పశువులెన్ని అని అడిగితే ఎద్దులు, మేకలు, కోళ్ళు చెబుతాం. కుక్కను ఎవరూ చెప్పరు. అది పొద్దున మేకల వెంట అడవికి పోతుంది, రాత్రి పిల్లల మంచం కింద పడుకుంటుంది. అడవిలో నక్కతో, ఊళ్ళో పక్క వీధి కుక్కతో కొట్లాడేదీ అదే. అందుకే రేబిస్ మన ఇంట్లోకి వచ్చే దారి కూడా అదే.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు ఇవాళ్టికీ లేదనే చెప్పాలి. కానీ రాకుండా పూర్తిగా ఆపవచ్చు. మనుషులకు వచ్చే రేబిస్‌లో దాదాపు 99 శాతం కుక్కల నుంచే వస్తుంది. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడితే రోగం గొలుసు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఊళ్ళో పది కుక్కలుంటే ఏడింటికి. ఇది చేయలేని పని కాదు. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్ లేకుండా చేయాలని కేంద్రం 2021లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది.

- కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక మొదటి టీకా. తర్వాతి మోతాదు ఎప్పుడో డాక్టరు చెబుతారు. ఆపైన ఏటా ఒకటి.
- జూలై 6న జూనోసిస్ దినోత్సవం నాడు పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేయడం ఆనవాయితీ. మీ మండలంలో శిబిరం ఎక్కడో వారం ముందే కనుక్కోండి.
- టీకా వేసిన కుక్క మెడకు రంగు పట్టీ కట్టండి. ఎవరింటి కుక్కకు పడింది, ఎవరింటిదానికి పడలేదు అన్నది ఊళ్ళో అందరికీ తెలుస్తుంది.
- మేకను కోసినప్పుడు పచ్చి పేగులు, కాలేయంలో నీటి తిత్తులు ఉన్న ముక్కలు కుక్కకు వేయకండి. అవి తిన్న కుక్క పేగుల్లో నట్టలు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలం నుంచి పిల్లల చేతులకు, మేకల మేతకు చేరతాయి. పూడ్చేయడమే మంచిది. కుక్కకు కూడా నట్టల మందు వేయించండి.
- ఉడికించిన కోడి ఎముకలు విరిగి గొంతుకు గుచ్చుకుంటాయి. వేయకండి.

అడవికీ దీనితో సంబంధం ఉంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ బయటపడింది. మన పక్కనే 1977లో ఏర్పడ్డ కిన్నెరసాని అభయారణ్యం ఉంది. టీకా పడిన కుక్క మన ఇంటినే కాదు, అడవిని కూడా కాపాడుతుంది. కుక్కను వేటకు తీసుకెళ్ళడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

8. కుక్క కరిస్తే మొదటి 15 నిమిషాలు

- ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. బోరింగు దగ్గరైతే ఒకరు కొడుతూ ఉంటే ఒకరు కడగాలి. ఇదే మొదటి మందు.
- కారం, సున్నం, కిరోసిన్, పసరు, కాఫీ పొడి ఏదీ పెట్టకండి. కట్టు కట్టకండి.
- అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు సార్లు వేస్తారు. కరిచిన రోజు కాదు, మొదటి సూది వేసిన రోజే 0. ఒక్కటీ మానకూడదు. మిరప కోతలకు వలస వెళ్ళేవాళ్ళు చీటీ వెంట తీసుకెళితే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో మిగతావి వేయించుకోవచ్చు.
- రక్తం వచ్చేలా కరిస్తే గాయంలో వేసే ఇంకో మందు (ఇమ్యునోగ్లోబులిన్) కూడా కావాలి. అది అక్కడ లేకపోతే ఏ ఆసుపత్రికి వెళ్ళాలో డాక్టరును అడిగి, అదే రోజు వెళ్ళండి.
- నక్క, కోతి, ముంగిస, ఎలుగుబంటి కరిచినా, రక్కినా ఇదే పద్ధతి.
- పిల్లలు తిడతారని భయపడి చెప్పరు. చిన్న గీత పడినా చెప్పమని, తిట్టమని వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.

పశువును కుక్క కరిచినా గాయం కడిగి డాక్టరుకు చెప్పండి, దానికీ టీకాలున్నాయి. ఇంకో ముఖ్యమైన సంగతి. ఆవు చొంగ కారుస్తూ, మింగలేక, వింతగా అరుస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని చేయి పెట్టేస్తాం. అది రేబిస్ అయితే చొంగ ద్వారా మనకు అంటుతుంది. చేయి పెట్టకండి. పాలు వాడకండి. ముందు 1962కు ఫోన్ చేయండి.

9. చిరుతో పులో పశువును చంపితే

కళేబరాన్ని కదపకండి. వెంటనే అటవీ బీటు అధికారికి చెప్పండి. ఫోటోలు తీసి ఉంచండి. పశువైద్యాధికారి పరీక్షించి, విలువ రాసిచ్చాక అటవీ శాఖకు పరిహారం కోసం దరఖాస్తు చేయాలి. చెవిపోగు నంబరు ఇక్కడ కూడా పనికొస్తుంది. కోపంతో కళేబరం మీద విషం చల్లితే పరిహారం పోతుంది, జైలు కేసు అవుతుంది. ఆ మాంసం తిని ఊరి కుక్కలు కూడా చస్తాయి. చిరుత తిరుగుతోందని తెలిస్తే రాత్రి కుక్కను బయట కట్టేయకండి. గొలుసుకున్న కుక్క పారిపోలేదు.

10. గోదావరి పెరిగితే

భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీళ్ళు 71 అడుగులు దాటాయి. మనుషులకు మూడో హెచ్చరిక దాకా టైము ఉన్నా, పశువులను మొదటి హెచ్చరికకే ఎత్తైన చోటుకు తోలాలి. ఎండుగడ్డిని ముందే అక్కడికి చేర్చండి. తోలే వీలు లేకపోతే పలుపు విప్పేయండి. కట్టేసిన పశువు ఈదలేదు. నీళ్ళు తీశాక బురద పట్టిన గడ్డి మేపకండి. గొంతువాపు అప్పుడే ఎక్కువ.

11. బీమా

జాతీయ పశుసంపద మిషన్ కింద పశువులకు, మేకలకు బీమా ఉంది. 2024 మార్పుల తర్వాత ప్రీమియంలో రైతు కట్టవలసింది 15 శాతమే. మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. మన జిల్లాలో నమోదు ఎప్పుడో మీ పశువైద్యశాలలో అడగండి. పశువు చనిపోతే పూడ్చకముందే డాక్టరుకు, బీమా కంపెనీకి చెప్పాలి. పోగు తీయకుండా ఫోటో తీయాలి.

ఈ వారం చేయవలసిన పనులు

- ఇంట్లో ప్రతి ఫోనులో 1962 సేవ్ చేయండి.
- గోడ మీద క్యాలెండరులో ఆడ దూడ పుట్టిన నెల, చివరి టీకా తేదీ రాయండి.
- వాడలో ఎన్ని మేకలు, ఎన్ని కోళ్ళు, ఎన్ని కుక్కలు ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. కుక్కలను మరచిపోవద్దు.
- ఆ కాగితంతో ఇద్దరు వెళ్ళి పశువైద్యశాలలో తేదీ అడగండి.

నాలుగో పని అయ్యాక, ఆ తేదీని ఈ పీడీఎఫ్ కిందే మీ గ్రూపులో పెట్టండి. పక్కింటివాళ్ళకు మీరివ్వగలిగిన అన్నిటికంటే మంచి సలహా ఆ తేదీయే.